పక్క ఉయ్యాల

పుకాయ్‌పా రేవులో లాంచీ ఎక్కగానే దెల్మీరా చేసిన మొదటి పని గొడవ పెట్టుకోవడం.

కింది డెక్కుకు టికెట్టు చౌక. అక్కడ పడుకోవడానికి ఎవరి గుడ్డ ఉయ్యాల వాళ్లే తెచ్చుకుని, పై దూలాలకు ఒకదానికొకటి ఆనించి కట్టుకుంటారు. ఏటి దిగువనున్న ఇకీతోస్ పట్నం చేరేదాకా, నాలుగైదు రోజులు, అదే మంచం, అదే ఇల్లు. చంకలో నిద్రపోతున్న రెండేళ్ల కూతురు యదీరాతో ఆమె మంచి చోటు వెతుక్కుని తాడు విప్పుతుండగా, ఒక కుర్రాడు వచ్చి పక్కనే తన ఉయ్యాల బిగించేశాడు. అతని మెడలో కొత్త పసుపుపచ్చ రబ్బరు బూట్లు వేలాడుతున్నాయి.

"కాస్త అటు జరిగితే మీ సొమ్మేం పోతుంది?" అంది.

"ఇంకా జరిగితే వంటవాడి పొయ్యిలో పడతానండీ, పక్కింటి అమ్మగారూ."

అతని పేరు హెర్మీనియో. ఇకీతోస్ అవతల కలప మిల్లులో పని దొరికిందట. ఆ బూట్లు అందుకే కొన్నాడట. అడగకుండానే అన్నీ చెప్పేశాడు. ఆమె మాత్రం పిన్ని పూటకూళ్లింట్లో వంట సాయానికి వెళుతున్నానని చెప్పి ఊరుకుంది.

మర్నాడు తను కట్టిన ముడి జారి, ఆమె బిడ్డతో సహా చెక్కల మీద పడింది. ఎదురు ఉయ్యాలలోని ముసలమ్మ ఔరిస్తేలా పళ్లు లేని నోటితో నవ్వింది. హెర్మీనియో నవ్వలేదు. తాడును రెండు చుట్లు తిప్పి, ఒక మెలిక వేసి, కొస లోపలికి దోపి చూపించాడు.

వాన మొదలైంది. రెండు పక్కలా టార్పాలిన్లు దించేశారు. లోపల ఉక్క, ఆరని బట్టల వాసన, ఎక్కడ ముట్టుకున్నా తడి. హెర్మీనియో వర్షాన్ని తిడుతూ, యదీరాను బూట్లతో ఆడిస్తూ, వరుసలో నిలబడి దెల్మీరా గిన్నెలో కూడా అన్నం, ఉడికిన అరటికాయ పెట్టించుకొచ్చేవాడు. ఒక పూట చేపముక్క దొరికింది. బిడ్డ నోట్లో పెట్టే ముందు ముల్లు ఉందేమోనని రెండుసార్లు వేళ్లతో నలిపి చూశాడు.

దెల్మీరా తినడం ఆపి అతని వేళ్లనే చూసింది. బిడ్డ కన్నతండ్రికి ఆ ఓపిక లేకపోయింది. కడుపులో బిడ్డ ఉండగానే, తర్వాతి లాంచీకి వచ్చేస్తానని ఈ ఏటి మీదే వెళ్లాడు. లాంచీ కూత వినబడినప్పుడల్లా ఆమె గట్టుకు పరుగెత్తింది. చివరికి కూత వినగానే తలుపు వేసుకోవడం నేర్చుకుంది.

మూడోనాటికి యదీరా ఒళ్లు కాలిపోసాగింది. పాలు తాగడం లేదు, ఏడవడం కూడా లేదు. ఏడవకపోవడమే దెల్మీరాను ఎక్కువ భయపెట్టింది.

ఒక చిన్న రేవులో అరటిగెలలు ఎక్కించడానికి లాంచీ ఆగింది. గట్టు పైన ఆరోగ్య కేంద్రం ఉందని ఎవరో అన్నారు. హెర్మీనియో బూట్లు తొడుక్కున్నాడు.

"మందు తీసుకుని ఇప్పుడే వస్తా. నా ఇల్లు చూస్తుండు."

గెలలు ఎక్కడం అయిపోయింది. ఏట్లో నీరు తగ్గుతోంది, ఆగితే ఇసుకలో దిగబడతామంటూ లాంచీ నడిపే సరంగు కూత వేశాడు. దెల్మీరా గొంతు పోయేలా బతిమాలింది. లాంచీ కదిలింది. గట్టు మీద ఎవరూ కనబడలేదు.

ఔరిస్తేలా బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, వస్తాడులే అంది. ఆ మాట దెల్మీరాకు కొత్త కాదు. ఆ మాట మీదే రెండేళ్లు బతికింది.

చీకటి పడే వేళకు మరో రేవులో ఒక కుటుంబం ఎక్కింది. చోటు లేదు. ఖాళీ ఉయ్యాలను చూసి, ఇదెవరిదని అడిగారు. కట్టి ఉన్న ఉయ్యాల జోలికి ఎవరూ పోరు. మనిషి లేకపోయినా ఆ చోటు మనిషిదే.

"ఎవరిదీ కాదు," అంది దెల్మీరా. తన చేతులతోనే ముడి విప్పి, ఉయ్యాలను చుట్టి అతని సంచి మీద పడేసింది. ఔరిస్తేలా మొహం తిప్పుకుంది.

తెల్లవారాక ఒక మోటారు పడవ టపటపలాడుతూ వచ్చి లాంచీని పట్టుకుంది. అందులోంచి హెర్మీనియో ఎక్కాడు. నిలువునా తడిసి ఉన్నాడు. చొక్కా లోపలి నుంచి మందు సీసా తీశాడు.

"పాప ఎలా ఉంది?"

ఆమె సీసా అందుకుంది. బిడ్డకు మందు పట్టిస్తుంటే అతను తన చోటు చూశాడు. అక్కడ వేరేవాళ్ల పిల్లలు పడుకుని ఉన్నారు. సంచి మీద తన ఉయ్యాల. ఆమె చేతుల వైపు ఒకసారి చూసి, దాన్ని భుజాన వేసుకుని గెలల దగ్గరికి వెళ్లిపోయాడు.

అతని పాదాలు బోసిగా ఉన్నాయి. వెనక్కి తిరిగిపోతున్న పడవలో, పడవవాడి కాళ్లకు కొత్త పసుపుపచ్చ బూట్లు.

సాయంత్రానికి జ్వరం దిగింది. యదీరా లేచి, బూట్లేవని అడిగింది. దెల్మీరా మొహానికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తర్వాతి పొద్దున ఇకీతోస్ కనబడింది. డెక్కంతా హడావిడి. అందరూ ఉయ్యాలలు విప్పుకుంటున్నారు. దెల్మీరా గెలల దగ్గరికి వెళ్లింది. హెర్మీనియో మూటకు ఆనుకుని కునుకుతున్నాడు. అతని ఉయ్యాలను నెమ్మదిగా లాగి తెచ్చి, తన పక్కన ఖాళీ అయిన చోట కట్టసాగింది. రెండు చుట్లు, ఒక మెలిక.

"రేవు వచ్చేసిందే పిల్లా, ఇప్పుడెవరు కడతారు?" అంది ఔరిస్తేలా.

దెల్మీరా కొస లోపలికి దోపి, గట్టిగా లాగి చూసింది. తల తిప్పితే హెర్మీనియో నిలబడి ఉన్నాడు.

"నేను విప్పాను. నువ్వు రావనుకున్నాను."

"తెలుసు."

"ఇంకెప్పుడూ నా చేత్తో విప్పను. మా పిన్ని ఇంట్లో దూలాలున్నాయి. మిల్లు నుంచి నువ్వు ఎప్పుడొచ్చినా సరే, ఇది కట్టే ఉంటుంది."

అతను ఆ ముడిని వేలితో తడిమి చూశాడు. తర్వాత యదీరాను ఎత్తుకుని, బురద పాదాలతోనే ఉయ్యాలలో కూర్చున్నాడు.

జనం దిగిపోయారు. డెక్కు కడగడానికి బకెట్టుతో వచ్చిన మనిషి విసుక్కున్నాడు.

"ఈ ఉయ్యాల ఎవరిది?"

"మాది," అంది దెల్మీరా.