ఒక్కటే పోస్టు

"యాడికి పోతున్నవ్, మహేందర్?"

ఇంటర్వ్యూకు తన పేరు పిలవకముందే మెట్లు దిగిపోతున్న అతనికి స్రవంతి అడ్డంగా నిలబడింది. బయట వాన దంచికొడుతోంది. పైన టిష్యూ కల్చర్ ల్యాబులో ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి. ఉన్నది ఒక్కటే పోస్టు.

ఇద్దరూ యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ ఎమ్మెస్సీ బాటనీ చదువుతున్నారు. ఆదివారాలు క్లాసులు. మిగతా రోజుల్లో ఆమె శాలిబండలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తుంది. అతను మాదన్నపేటలో తండ్రి కొండల్‌తో కలిసి బర్రెల డెయిరీ చూసుకుంటాడు. మొదటి రోజు పాల వాసనొస్తోందని బెంచీ చివరికి జరిగి కూర్చున్నది ఆమే. తర్వాత అతను రాని రోజున క్లాసు జరిగినంతసేపూ తలుపు వైపే చూసిందీ ఆమే.

ఈ ఉద్యోగం రాకపోతే చదువు మానెయ్యాలని ఇద్దరి ఇళ్లలోనూ తేల్చి చెప్పారు. అందుకే మహేందర్ వెళ్లిపోతున్నాడు.

"నీకు రావాలె. నాకు బర్రెలన్నా ఉన్నయ్," అన్నాడు.

ఆమె ముఖం ఎర్రబడింది.

"నువ్వు ఇడిసిపెడితే వచ్చే నౌకరి నాకొద్దు. లోపలికి రా. లేకుంటె మళ్ల నాతోని మాట్లాడకు."

అతను వెనక్కి తిరిగాడు. లోపల ఇద్దరికీ అరటి పిలకలిచ్చి, మొగ్గ కోసి సీసాలో పెట్టమన్నారు. మహేందర్ కత్తి పక్కకు జారింది. మొగ్గ చీలిపోయింది.

సాయంత్రానికి పోస్టు స్రవంతికి వచ్చింది. అతను నవ్వుతూనే అభినందించి బస్సెక్కాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆదివారం క్లాసుకూ రాలేదు.

మర్నాడు ఆమె నేరుగా బర్రెల కొట్టంలోకే వచ్చింది. కొండల్ పాలు పితుకుతున్నాడు.

"అంకుల్, మహేందర్ చదువు ఆపకుండ్రి."

"చెట్ల చదువుకు నౌకరి యాడిది బిడ్డా?"

"నాకొచ్చింది కద. విత్తనాల కంపెనీలున్నయ్, నర్సరీలున్నయ్, ఇంక ల్యాబులున్నయ్. ఒక్కసారి రాకుంటె బంద్ పెడ్తరా?"

కొండల్ చేతులు ఆగిపోయాయి.

"వాని ఫికర్ నీకెందుకు? వానికి నువ్వేమైతవ్?"

గడ్డిమోపుతో అప్పుడే వచ్చిన మహేందర్ గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. స్రవంతి అతన్ని చూసింది. అయినా తల దించలేదు.

"గా మాట ఆయన అడగాలె. ఎప్పుడడుగుతడా అని చూస్తున్న."

మహేందర్ మోపు కింద పెట్టాడు. తండ్రి చూస్తున్నాడని తెలిసీ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడడుగుతున్న. నన్ను చేసుకుంటవా?"

"చదువు పూర్తి చేస్తవా?"

"చేస్త."

"ఐతె చేసుకుంట."

కొండల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ చూపులో ఏముందో మహేందర్‌కు అంతుపట్టలేదు. చివరికి తండ్రి లేచి, భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"ఆదివారం పాలు నేనే పోసొస్త," అన్నాడు కొడుకుతో. "నువ్వు క్లాసుకు పో."