డ్రైవరు మెచ్చిన వీధి

పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటూ, కొనబోయే ఇంటి గురించి కొడుకు మళ్ళీ అదే పాట మొదలుపెట్టాడు.

“అంత వెడల్పు రోడ్డు, గుంత లేదు, మలుపు లేదు. రోజూ నేను తిరిగే దారే. వీధి సంగతి నాకొకరు చెప్పాలామ్మా?”

అతను సిటీ బస్సు డ్రైవరు. బస్సు ఒక్క తిప్పులో తిరిగిందంటే అది మంచి వీధి, లేదంటే కాదు, అంతే. మొదటిసారి అత్తవారింటికి వెళ్ళినప్పుడు మామగారి ఆరోగ్యం అడగడం మాని, “మీ సందులో బండి తిప్పడం కష్టమండీ” అన్నాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

తల్లి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆమె నడక బాగా నెమ్మదించింది. అయినా కూరలకు ఇంకొకరిని వెళ్ళనివ్వదు. ఈ అద్దె ఇంటికి ఎదురుగా ఉన్న కొట్టుకు వెళ్ళి, బెండకాయ కొస విరిచి చూసి, నలుగురితో కబుర్లాడి వస్తేగాని ఆమెకు తెల్లవారినట్టుండదు.

“సాయంత్రం మీరు రాగానే వెళ్ళి అడ్వాన్సు ఇచ్చేద్దాం,” అంది కోడలు.

సాయంత్రం కొడుకు డ్యూటీ దిగి వచ్చేసరికి తల్లి ఇంకా లైటు కూడా వెయ్యకుండా కూర్చుని ఉంది.

“ఆ ఇల్లు వద్దురా.”

“రెండేళ్ళ నుంచి వెతుకుతున్నాం అత్తయ్యా,” అంది కోడలు. “ఆ మాట ఇప్పుడా చెప్పడం?”

కొడుక్కి ఒళ్ళు మండింది. “ఈ వీధిలో కబుర్లు వదులుకోలేవు, అదీ సంగతి. నీ సరదా కోసం మేం జన్మంతా అద్దె ఇంట్లో పడుండాలా?”

ఆ మాటకు తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది.

“ఇవాళ ఆటో ఎక్కి ఆ ఇంటి ముందు దిగాను. కూరల కొట్టు అవతల పక్కనుంది కదా, ఒక్కదాన్నే దాటగలనో లేదో చూద్దామని. ఎంతసేపు నిలబడ్డా ఖాళీ దొరకలేదు. చివరికి ధైర్యం చేసి రోడ్డు మీదికి అడుగేశాను. బస్సొచ్చింది. ఆగమని చెయ్యెత్తాను. హారన్ కొట్టుకుంటూ పోయింది. వెనక్కి పడబోయి స్తంభం పట్టుకున్నాను.”

“ఎవడా వెధవ? బస్సు నంబరు చూశావా?”

“నంబరు చూళ్ళేదు.” ఆమె తల వంచుకుంది. “మొహం చూశాను.”

కోడలు అత్తగారి వైపు, తర్వాత మొగుడి వైపు చూసింది. అతను దగ్గరున్న స్టూలు మీద కూలబడ్డాడు. రోడ్డు అంచున ఒక చీర, పైకెత్తిన చెయ్యి. ఈ ముసలాళ్ళు ఇంట్లో కూర్చోక రోడ్ల మీదకెందుకొస్తారో అని పొద్దున తను గొణుక్కున్న మాటతో సహా గుర్తొచ్చింది. పక్కకు తిరిగి చూడను కూడా లేదు.

“అమ్మా, నువ్వని తెలీదే.”

“తెలుసురా. చూసుంటే ఆపవా? ఆ రోడ్డు మీద ఎవరికీ ఎవరూ కనపడరు, నీ తప్పేం లేదు. కానీ ఆ ఇంటికొస్తే నాకింక గది, కిటికీ, అంతే. అది తలుచుకుంటేనే భయంగా ఉంది.”

అతను తల్లి మోకాలి మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కోడలు లైటు వేసి, అడ్వాన్సు కవరు తీసి మళ్ళీ బీరువాలో పెట్టేసింది.

సెలవు రోజున ముగ్గురూ నడిచే బయలుదేరారు. అతను ముందు ఆ పెద్ద రోడ్డుకే వెళ్ళి, తల్లి చెయ్యి పట్టుకుని అంచున నిలబడ్డాడు. బస్సు ఒకటి దూసుకుపోతే ఇన్నేళ్ళ డ్రైవరూ తల్లిని పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. అక్కణ్ణుంచి, బండి తిరగదని ఎప్పుడో కొట్టిపారేసిన ఒక సందులోకి వెళ్ళారు. అక్కడ ఓ ఇంటికి అమ్మకం బోర్డు ఇంకా వేలాడుతోంది. సైకిళ్ళు, స్కూటర్లు మనుషుల్ని చూసుకుంటూ మెల్లగా పోతున్నాయి. ఎదురుగా కూరల కొట్టు.

తల్లి అతని చెయ్యి విడిపించుకుంది. అటూ ఇటూ చూసి, ఒక్కో అడుగూ వేస్తూ దాటింది. ఒక స్కూటరు ఆగి ఆమె వెళ్ళాక కదిలింది. కొట్టు ముందు నిలబడి ఆమె వెనక్కి తిరిగింది. కొడుకు ఇంకా ఇవతలే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

“దాటి రారా,” అంది. “ఏం కాదులే.”