సింగరాయకొండ కుకీలు

ఎవరు చెప్పారు?

పన్నెండేళ్ళుగా ఇమాం హుస్సేన్ మనసులో ఆ ఒక్క ప్రశ్న నలుగుతూనే ఉంది. జోసఫ్ ఏ రైలుకు సింగరాయకొండలో దిగుతాడో తెలిసినవాళ్ళు ముగ్గురే. ఒకడు జోసఫ్. ఒకడు తను. మూడో మనిషి తమతోనే పనిచేసే షమా. జోసఫ్ రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే ఎడమ మోకాలిలో తుపాకి గుండు దిగింది. తన రైలు కబురు జోసఫ్ తనే శత్రువుకు చెప్పుకోడు. ఇమాం హుస్సేన్ చెప్పలేదు. ఇక మిగిలింది ఒక్కతే.

మర్నాడు అదే ప్లాట్‌ఫారం మీద షమా ఎదురై, "అస్సలాము అలైకుం" అంది. అతను మొహం తిప్పుకొని వెళ్ళిపోయాడు. సలాముకు జవాబు చెప్పి తీరాలని అయిదు పూటలా నమాజు చేసే మనిషికి తెలియక కాదు. ద్రోహి చెప్పిన సలాముకు కూడా జవాబు బాకీ పడతామా? ఆ మాట ఏ మౌల్వీగారినీ అడగడానికి నోరు రాలేదు. అడిగితే బాకీయేనంటారని భయం.

ఆ రోజు మార్చి నెల ఎండ. గుంటూరు మిర్చి యార్డులో బస్తాల మధ్య గాలి కూడా కారంగా ఉంది. ఇమాం హుస్సేన్ ఏడేళ్ళుగా అక్కడ ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. అది వేషం. అసలు ఉద్యోగం కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో ఫీల్డ్ ఏజెంటు.

కొనుగోలుదారు ఒకడు వచ్చి, భుజం మీది తువ్వాలు ఇద్దరి చేతుల మీదా కప్పాడు. తువ్వాలు చాటున వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకోవడం యార్డులో పాత అలవాటు. కంప్యూటర్ బేరాలు వచ్చాక తగ్గింది గాని, పూర్తిగా పోలేదు. ఈ వేళ్ళు ధర చెప్పలేదు. మూడు వేళ్ళు నొక్కాయి, బొటనవేలు రెండుసార్లు తట్టింది.

నల్లపాడు. వెంటనే రా.

ఏ హ్యాకరూ చదవలేని సందేశం అది.

నల్లపాడులో ఒక కోల్డ్ స్టోరేజి వెనక గదిలో జోసఫ్ కూర్చున్నాడు. ఇప్పుడతను సెక్షన్ చీఫ్. చేతికర్ర కుర్చీకి ఆనించి ఉంది.

"కూర్చోరా ఇమాం. టైం లేదు, టీ కూడా లేదు."

"ఏం పని?"

"క్రిస్టీనా అనే అమ్మాయి. హైదరాబాదులో ఒక విదేశీ ముఠా నడిపే దొంగ కంపెనీలో ఫైళ్ళు చూసే ఉద్యోగం చేసింది. మన దేశంలో ఆ ముఠాకు పనిచేసే వాళ్ళ లిస్టు కళ్ళారా చూసింది. రేపు పదింటికి జడ్జి ముందు సాక్ష్యం. ప్రత్తిపాడులో వాళ్ళ అత్త సంతోషకుమారి ఇంట్లో దాచాం. నాలుగింటికి మన బండి వెళ్ళి తెస్తుంది."

"మరి నేనెందుకు?"

"ముఠా మనుషులు పొద్దున్నే ప్రత్తిపాడులో దిగారు. వీధి తెలిసిపోయింది, ఇల్లు ఇంకా తెలియలేదు. తెలిస్తే ఆ పిల్ల బతకదు."

"ఎవరు చెప్పారు?" పన్నెండేళ్ళ నాటి ప్రశ్న మళ్ళీ నోట్లోకి వచ్చింది.

జోసఫ్ చేతికర్ర సర్దుకున్నాడు. "షమా ఆ ముఠాలోనే ఉంది, మన మనిషిగా. తనూ అక్కడికి వస్తోంది. షమాని కనిపెట్టుకొని ఉండు."

ఇమాం హుస్సేన్ పళ్ళు బిగించాడు. ఇన్నాళ్ళకు జోసఫ్‌కి కూడా అనుమానం వచ్చిందన్నమాట.

"ఇదిగో, ఈ పెన్ను ఉంచుకో. నొక్కితే తేజ మిర్చి కారం ఆరడుగులు పోతుంది."

"యార్డులో పనిచేసేవాడికి కారం ఇస్తున్నావా?"

"ఇచ్చింది తీసుకోరా. దాంతో రాయకు, అంతే."

బండి మీద ప్రత్తిపాడు వెళ్తూ దారిలో మధ్యాహ్నం జొహర్ నమాజుకు ఆగాడు. దేవుడు అన్నీ చూస్తాడని చిన్నప్పటినుంచీ నమ్మాడు, ఆ చూపుకు ఎప్పుడూ భయపడలేదు. మరి ఈ ముఠా చూస్తోందంటే ఒళ్ళెందుకు జలదరిస్తోంది? చాప మడుస్తుండగా జవాబు తట్టింది. దేవుడు చూసినదాన్ని అమ్ముకోడు.

మూడు ముప్పావు. సంతోషకుమారి వరండాలో పరిచిన మిరపకాయల ముందు కూర్చుని తాలు ఏరుతోంది. రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని తాలు అంటారు. తల ఎత్తకుండానే అడిగింది.

"తాలు కొంటారా?"

"తాలు కొననమ్మా. తేజ ఉంటే చూపించు."

కోడ్ కలిసింది. "లోపలికి పొండి. ఒకావిడ వచ్చి కూర్చుంది. పట్టుచీరా, నల్లద్దాలూ... సినిమావాళ్ళేమో అనుకున్నా."

ఇమాం హుస్సేన్ పెన్ను తీసి తలుపు తోశాడు.

లాప్‌టాప్ ముందు క్రిస్టీనా కూర్చుంది. పక్కన షమా. నల్లద్దాలు జుట్టు మీదికి నెట్టి, తీరిగ్గా అతనికేసి చూసింది.

"చేతులు పైకెత్తు."

"ముందు ఆ పెన్ను జేబులో పెట్టండి. ఈ ఇంట్లో ఉన్న ఘాటు చాలదా?" అంది షమా. "ఈ పిల్లని ఎవరు పట్టిచ్చారో తెలుసుకోవాలని ఉందా, లేదా?"

"నాకు తెలుసు."

"తెలియదు. క్రిస్టీనా, అంకుల్‌కి చెప్పమ్మా."

క్రిస్టీనా లాప్‌టాప్ అతనివైపు తిప్పింది. "ఇది డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కొత్త లాప్‌టాపే అంకుల్. కానీ నా పాత బ్రౌజర్‌లో ఉన్నదంతా ఇందులోకి ఎక్కించుకున్నా. నేను రోజూ చూసే క్రీస్తు పాటల పేజీలన్నీ అందులోనే ఉన్నాయి. తప్పని తెలీలేదు."

"పాటలతోపాటు కుకీలు కూడా వచ్చాయి," అంది షమా. "మనం తెరిచిన ప్రతి వెబ్‌సైటూ బ్రౌజర్‌లో ఒక చిన్న చీటీ పడేసి పోతుంది, మళ్ళీ వస్తే గుర్తుపట్టడానికి. అదే కుకీ. ముఠావాళ్ళు పాటల సైట్లలో, మిర్చి ధరల సైట్లలో ప్రకటనలు పెట్టారు. ఆ ప్రకటన కూడా చీటీ పడేస్తుంది. దాని మీద ఒక నంబరు, ఒక ఎక్స్‌పైరీ డేటు ఉంటాయి. హైదరాబాదులో ఏ నంబరో ప్రత్తిపాడులోనూ అదే నంబరు. వాళ్ళ ఫోన్లలో ఒక ఎర్ర చుక్క, అంతే. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు."

"మూసేస్తే పోలా?"

"నాలుగింటికి వచ్చే బండి నంబరు ఇందులోకే మెయిల్ వస్తుంది. మూయకూడదు, తుడవాలి. ఆ కుకీలన్నీ కాపీ చేసి జోసఫ్ గారికి పంపేశాను. ఇక్కడ మనం తుడిచేస్తాం, అక్కడ ఆయన తన కంప్యూటర్‌లో పాటల పేజీ తెరుస్తారు. చుక్క నల్లపాడులో వెలుగుతుంది. వీళ్ళు అక్కడికి పరిగెడతారు. అక్కడ పోలీసులున్నారు."

ఇదంతా నిజమా, ఇంకో నాటకమా? ఇమాం హుస్సేన్ ఎటూ తేల్చుకోకముందే బయట కారు ఆగింది.

షమా కిటికీ సందులోంచి చూసి వెనక్కి జరిగింది. "ముఠావాడే, అనిల్ కుమార్ అని చెప్పుకు తిరుగుతాడు. నేను కనబడకూడదు. తుడవడం మీరే చెయ్యండి."

అతను మెనూ తెరిచాడు. క్లియర్ బ్రౌజింగ్ డేటా. కుకీస్ అన్నచోట టిక్కు. నొక్కాడు. అయిపోయింది. తువ్వాలు భుజాన వేసుకొని వరండాలోకి వచ్చాడు.

తెల్ల చొక్కా మనిషి గేటు దాటాడు. ఒక చేతిలో ఫోను, రెండో చెయ్యి చొక్కా కింద నడుము దగ్గర.

"మిర్చి కొనడానికి వచ్చానండి."

"రండి రండి, సరుకు బంగారం," అన్నాడు ఇమాం హుస్సేన్. తువ్వాలు తీసి అతని చేతి మీద కప్పబోయాడు.

ఆ మనిషి పాము మీద పడ్డట్టు చెయ్యి లాక్కున్నాడు. "ఏంటిది!"

మిర్చి బేరగాడైతే చెయ్యి లోపలే ఉంచేవాడు.

"ధర చెబుదామని. పోన్లెండి, నోటితోనే చెప్తా."

అనిల్ కుమార్ వినడం లేదు. ఫోన్ చూసుకుంటున్నాడు. ఇమాం హుస్సేన్ ఓరగా చూశాడు. తెర మీద రెండు ఎర్ర చుక్కలు. ఒకటి నల్లపాడులో. ఇంకొకటి ఇక్కడే.

షమా మోసం చేసిందా? అంతలో తను నొక్కిన మీట పైన చిన్న అక్షరాలు కళ్ళముందు కదిలాయి. లాస్ట్ అవర్. గంటలోపు పడ్డ కుకీలే పోయాయి. పాతవన్నీ అలాగే ఉన్నాయి. తప్పు తనది.

అనిల్ కుమార్ చెయ్యి మళ్ళీ నడుము దగ్గరికి పోయింది. "ఇంట్లో ఎవరున్నారు?"

మూడు యాభై తొమ్మిది.

ఇమాం హుస్సేన్ లోపలికి వినబడేలా గొంతెత్తి అరిచాడు. "ఏందమ్మా ఈ సరుకు! గంట కిందట ఎండేసింది మాత్రం దులిపి చూపిస్తారా? బస్తా అడుగున మొదటి కోతనాటి తాలు అలాగే ఉంది! అంతా దులపండి, మొదటినుంచీ!"

సంతోషకుమారి తక్కువదేం కాదు. "ఏంది నీ అరుపులు! నా సరుకులో తాలా? నీ మొహంలో ఉంది తాలు! చూపించు, ఏదీ, ఎక్కడుంది?" అంటూ గుప్పెడు కాయలు తీసుకొని ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది.

లోపల ఒక మీట చప్పుడు. ఆల్ టైమ్.

అనిల్ కుమార్ ఫోన్ చూశాడు. కళ్ళు నులుముకొని మళ్ళీ చూశాడు. ఒకే చుక్క. నల్లపాడు. మిగతావాళ్ళకు ఫోన్ చేస్తూ కారెక్కాడు. మర్యాదకైనా తాలు ధర అడగలేదు.

నాలుగింటికి క్రిస్టీనా పాస్‌వర్డ్ కొట్టి మెయిల్ తెరిచింది. బండి నంబరు చూసుకొని, అత్తను వాటేసుకొని, వెనక గుమ్మంలో ఆగిన వ్యాను ఎక్కింది.

నాలుగున్నరకు జోసఫ్ ఫోన్. "ముఠావాళ్ళు అయిదుగురూ దొరికారు. కోల్డ్ స్టోరేజిలో చలికి వణుకుతున్నారు. అంతా మంచిదేనా?"

"అంతా మంచిదే. షమాని కనిపెట్టమన్నావు కదా. అనుమానించడం నా పొరపాటు."

"అనుమానించమని ఎవడన్నాడ్రా? కనిపెట్టుకొని ఉండమన్నాను. పసిపిల్లని కనిపెట్టుకొని ఉండమంటే అనుమానించమనా? కాపాడుకొమ్మని చెప్పాను."

ఇమాం హుస్సేన్ ఫోన్ పెట్టేశాడు. షమా చెప్పులు వేసుకుంటోంది.

"సింగరాయకొండ సంగతి కూడా వాళ్ళ ఫైల్లో దొరికింది," అందామె నేలకేసి చూస్తూ. "పోయిన నెలలోనే. జోసఫ్ గారికి అప్పుడే చెప్పాను. మీరు స్టేషన్ ఎదురు ఇంటర్నెట్ సెంటర్‌లో మెయిల్ చూసి, పేజీ మూసేసి లేచారు. లాగౌట్ చెయ్యలేదు. కుకీ అలాగే ఉంది. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది వాళ్ళ మనిషి. పేజీ తెరిచాడు. మీ మెయిలే వచ్చింది. జోసఫ్ గారు ఏ రైలుకు దిగుతారో అందులోనే ఉంది."

ఎవరు చెప్పారు అన్నదానికి జవాబు దొరికింది. చెప్పింది తనే. జోసఫ్‌కి ఇది నెల కిందటే తెలుసు. తెలిసీ ఒక్క మాట అనలేదు. పైగా ఈ కుకీల పనికి తననే పంపాడు.

షమా గేటు దాకా వెళ్ళింది. ఇమాం హుస్సేన్ రెండడుగులు గబగబా వేశాడు.

"వ అలైకుం అస్సలాం."

ఆమె వెనక్కి తిరిగింది. "నేనిప్పుడు సలాం చెప్పలేదే."

"ఇప్పటిది కాదు. సింగరాయకొండ, రెండో నంబరు ప్లాట్‌ఫారం. లేటయింది. తప్పు నాదే, మన్నించండి."

షమా నల్లద్దాలు కళ్ళ మీదికి దించుకుంది. ఘాటుకో మరి దేనికో, వాటి కింద చెంప తడిసింది.

"పర్లేదు లెండి," అంది. "ఆ సలాముకి నేను ఎక్స్‌పైరీ డేటు పెట్టలేదు."