గరాజులో పొయ్యి

"అమ్మా! నా సూట్‌కేసులో ఏం పెట్టావ్? అసలేం పెట్టావమ్మా!"

ఫోను ఇంకా చెవికి ఆనించకముందే ఆ కేక వంటగదంతా వినిపించింది. కాఫీ కలుపుతున్న సుధామయి చేతిలోంచి చెంచా జారి సింకులో పడింది. ఇల్లు వదిలి ఒక్క పూట ఎక్కడా ఉండని పిల్ల, స్కూలువాళ్ళతో కలిసి స్వీడన్ దేశం చూసొస్తానని నిన్ననే విమానం ఎక్కింది. క్షేమంగా చేరానమ్మా అంటుందేమోనని పొద్దున్నుంచీ ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటే, వచ్చిన మొదటి మాట ఇదీ!

"ఏమైందే ఇషితా? ఏడవకు తల్లీ, చెప్పు..."

"రొయ్యల పచ్చడి! మూత లూజయి నూనంతా నా బట్టల మీద! రూమ్‌లో నలుగురం ఉన్నాం. సూట్‌కేస్ తెరవగానే ముగ్గురూ వెళ్ళి కిటికీలు తెరిచారు. సో ఎంబరాసింగ్! వద్దు వద్దు అని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

సుధామయి ఫోను రెండో చెవికి మార్చుకుంది. తను పెట్టలేదే! తల తిప్పి చూస్తే, బల్ల దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్తగారు సూర్యకుమారి, తీసిన కాయకే మళ్ళీ మళ్ళీ తీస్తోంది. మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు! అంతే, కోడలికి అంతా అర్థమైపోయింది.

"నేనే పెట్టానమ్మా..." అంది సుధామయి నెమ్మదిగా. "అక్కడి తిండి నీకు సయిస్తుందో లేదోనని..."

"ఈ వాసన లేకుండా కొన్నాళ్ళు ఉందామనే నేనింత దూరం వచ్చాను అమ్మా! ఇక్కడికి కూడా పంపించావా!"

ఫోను కట్టయిపోయింది.

సూర్యకుమారి చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు నెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా మానాన నేను తిట్లు తినేదాన్ని కదే సుధా! మధ్యలో నువ్వెందుకే మీద వేసుకున్నావు?"

"మీతో అయితే నవ్వుతూ నాలుగు మాటలు మాట్లాడుతుంది అత్తయ్యా. అదీ పోగొట్టుకుంటే దానికి ఈ ఇంట్లో ఇంకెవరున్నారు? నాతో ఎలాగూ మాట్లాడదు కదా..." అని సింకులోని చెంచా తీసి, కడిగిందే కడుగుతూ నిలబడిపోయింది ఆ పిచ్చితల్లి.

అసలీ వాసన గొడవ ఈనాటిది కాదమ్మా! ఇషిత ఆరో క్లాసు చదివేటప్పుడు, మంచు పేరుకుపోయిన రోజుల్లో, తోటిపిల్ల ఒకతె దీని కోటు దగ్గరికి రాగానే ముక్కు మూసుకుందట. మిగతా పిల్లలంతా ఘొల్లున నవ్వారట. ఈ పరాయి చలిదేశంలో ఇళ్ళ సంగతి తెలిసిందేగా! ఆ చలికి కిటికీ తెరవడానికి లేదు. వీధితలుపు పక్కనే కోట్లు తగిలిస్తాం. తాలింపు వేశామంటే ఆ ఘాటు బయటికి పోయే దారి లేక, తిన్నగా వెళ్ళి ఆ కోట్లలో దూరి కూర్చుంటుంది. అందుకే మన ఆడవాళ్ళు నూనె కాగేలోపు పరుగెత్తి, కోట్లన్నీ పైకి మోసుకుపోయి, పడగ్గదుల తలుపులు బిగించి, అప్పుడు వచ్చి ఆవాలు వేస్తారు. ఆ రోజు సుధామయి మరిచిపోయింది. ఒక్క రోజు! ఆ ఒక్క రోజుకి పిల్ల ఇంటికొచ్చి, కోటు నేలకేసి కొట్టి, గుండెలవిసేలా ఏడ్చింది.

మర్నాడే సుధామయి భర్త రవితో చెప్పి గరాజులో ఓ మూల కరెంటు పొయ్యి పెట్టించుకుంది. అన్నం, పప్పు లోపల. తాలింపులు, వేపుళ్ళు, పులుసులు అక్కడ. ఒంటి మీద రవి పాత కోటు, నెత్తికి మంకీ క్యాపు, కాళ్ళకు మంచుబూట్లు వేసుకుని, షట్టరు సగం ఎత్తి, పొగ బయటికి పోతుంటే, మంచు లోపలికి కొడుతుంటే... అలా నిలబడి కూర కలిపేది. "మా ఆవిడ వంట చేస్తోందో, మంచుకొండ ఎక్కుతోందో తెలీదు" అని రవి నవ్వించబోయేవాడు. మిస్సిసాగాలో గోడౌను డ్యూటీ చేసొచ్చిన మనిషి, అంతకంటే ఏం చేయగలడు పాపం!

నరసాపురం దగ్గర సముద్రపు గాలి పీల్చి పెరిగిన పిల్ల సుధామయి. ఎండు నెత్తళ్ళు వేయించిన వాసన వస్తేగానీ ఆకలి తెలిసేది కాదు! అలాంటిది ఎండుచేప కొనడమే మానేసింది. గరాజులో వండినా జుట్టుకి పడుతుంది, జుట్టు నుంచి పిల్లకి పడుతుందని. అయినా పిల్ల దగ్గరైందా? లేదు. పాస్తా గిన్నె పట్టుకుని పైకి పోయి తలుపు వేసుకునేది. ఒకే కప్పు కింద తల్లిది గరాజు, కూతురిది పైగది! పై ఏడాది యూనివర్సిటీకని విండ్సర్ వెళ్ళిపోతుంది. ఇక ఎప్పటికి నా పక్కన కూర్చుని ఓ ముద్ద తింటుందీ... అన్నదే సుధామయి బెంగ. పైకి ఎవరితో చెప్పుకుంటుంది!

ఆ ఫోను తర్వాత పిల్ల తల్లితో మాట్లాడలేదు. ఫ్యామిలీ గ్రూపులో ఫోటోలు మాత్రం వచ్చేవి. సూర్యకుమారి కళ్ళజోడు పెట్టుకుని, కోడలి భుజం మీద గడ్డం ఆనించి చూసేది.

"ఇదేంటే, ఇంత పెద్ద ఓడ ఇంట్లో పెట్టారు?"

"నాలుగొందల ఏళ్ళ కింద అక్కడి రాజుగారు కట్టించిన యుద్ధపు ఓడటమ్మా," అన్నాడు రవి ఇంగ్లీషు చదివి. "మొదటి రోజే, రేవు దాటకుండానే, కాస్త గాలికే ఒరిగి మునిగిపోయిందట. అరవై ఏళ్ళ కింద పైకి తీసి మ్యూజియం కట్టారు."

"రాజుగారికి ముహూర్తం పెట్టే బ్రాహ్మడు దొరకలేదు కాబోలు!" అంది ముసలావిడ. "అయినా మునిగిపోయినదాన్ని తీసి నలుగురికీ చూపించుకుంటున్నారా? మనమైతే ఆ ఊసే ఎత్తనివ్వం."

అత్తగారు ఓడను చూస్తుంటే సుధామయి కళ్ళు మాత్రం పిల్ల ఒంటి మీదే ఉన్నాయి. ఓడ దగ్గరా అదే నీలం టీషర్టు. దాల్చినచెక్క బన్ను కొరుకుతూ అదే టీషర్టు. దేవదారు చెట్ల అడవిలో, చెరువొడ్డున, ఎర్ర రంగు వేసిన చెక్క ఇంటి ముందు... అన్నిట్లో అదే! మిగతా బట్టలన్నీ పచ్చడి పాలయ్యాయి కదా. నా బిడ్డ ఒక్క చొక్కా ఉతుక్కుని కట్టుకుంటోంది అనుకుంటే ఆమెకు ముద్ద దిగలేదు.

చివరి రోజుల్లో ఓ మధ్యాహ్నం ఫోను టింగుమంది. ఇషిత దగ్గర్నుంచి, ఒకే ఒక్క వాక్యం. "అమ్మా, ఎయిర్‌పోర్టుకి నాన్నతో నువ్వు కూడా రా."

రమ్మన్నది మెచ్చుకోడానికా, దులిపెయ్యడానికా? సుధామయి ఆ వాక్యాన్ని పదిసార్లు చదివింది. తలకు రెండుసార్లు షాంపూ పెట్టుకుంది. ఉతికిన చీరే మళ్ళీ ఉతికింది. గరాజు పొయ్యి జోలికే పోకుండా పిల్లకిష్టమని పాస్తా చేసి, హాల్లో వాసన కొవ్వొత్తి వెలిగించి మరీ బయల్దేరింది. ఏం చేస్తుందమ్మా, కన్నతల్లి!

ఎయిర్‌పోర్టులో బండి తోసుకుంటూ వచ్చింది ఇషిత. అదే నీలం టీషర్టు, దాని మీద కొత్త జాకెట్టు. తిన్నగా వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, భుజంలో మొహం దాచుకుంది.

"షాంపూ వాసన వస్తున్నావేంటి?" అంది.

తిట్టిందో, మెచ్చిందో తల్లికి తెలియలేదు! పిల్ల మాత్రం వదల్లేదు.

ఇంటికి రాగానే అందరినీ హాల్లో కూర్చోబెట్టి కబుర్లు మొదలుపెట్టింది. ఇంగ్లీషూ తెలుగూ కలిసి వరదలా వచ్చేస్తున్నాయి. మాంసం ఉండల కూరలో తియ్యటి జామ్ వేసుకుంటారట! రొట్టె అప్పడంలా కరకరలాడుతుందట! సాయంత్రం కాగానే చేస్తున్న పని ఆపేసి, కాఫీ, బన్నులు పెట్టుకుని కూర్చోవాల్సిందేనట!

"అడవిలో ఎవరైనా వెళ్ళి బెర్రీలు కోసుకోవచ్చు నాన్నమ్మా. ఎవరి ల్యాండ్ అయినా సరే. అది అక్కడ అందరి హక్కు."

"ఆహా! మా పక్కింటి వెంకాయమ్మ పెరట్లో జామకాయ కోసినందుకు మూడు తరాలు మాటల్లేవు మాకు," అంది సూర్యకుమారి. "సరే గానీ... ఆ పచ్చడి సీసా పారేశావా?" అనడిగింది నేల చూపులు చూస్తూ.

"పారేద్దామనే అనుకున్నా! కానీ అక్కడ చెత్తడబ్బాలు ఎన్ని రకాలో తెలుసా? గాజుకి ఒకటి, తిండికి ఒకటి, పేపర్‌కి ఒకటి. పచ్చడి ఉన్న సీసా దేంట్లో వేయాలో తెలీక కవర్లో చుట్టి బ్యాగులో పెట్టుకున్నా. అలా మాతోనే ఉత్తరాన బ్రిట్టా వాళ్ళ ఊరికి వచ్చేసింది."

బ్రిట్టా అంటే ఆ సముద్రపు ఒడ్డు పల్లెలో పిల్లలకు ఆతిథ్యం ఇచ్చిన ముసలావిడ. సూర్యకుమారి వయసే ఉంటుంది. ఎర్ర చెక్క ఇల్లు ఆవిడదే.

"అక్కడ ఆగస్టులో చిన్న చేపని ఉప్పునీళ్ళలో నెలల తరబడి ఊరబెట్టింది తింటారు. డబ్బా ఉబ్బిపోయి ఉంటుంది. బ్రిట్టా దాన్ని తెరిచింది చూడూ... నేను పరిగెత్తాను అమ్మా! లిటరల్లీ చెరువు దాకా పరిగెత్తాను. మన ఎండుచేప దాని ముందు మల్లెపూవే!"

రవి పకపకా నవ్వాడు. "అలాంటిది ఇంట్లో ఎలా తెరిచిందే?"

"ఇంట్లో తెరవరు నాన్నా. బయటే. పెరట్లో పెద్ద బల్ల వేసి..." అంటూ ఇషిత ఆగిపోయింది. నవ్వుతున్న మొహం మెల్లగా మారిపోయింది. "బయటే తెరుస్తారు. కానీ ఒక్కళ్ళనే బయట కూర్చోబెట్టరు. కొడుకులు, మనవలు, పక్కింటివాళ్ళు... అందరూ వచ్చి ఆవిడ చుట్టూ కూర్చున్నారు. బట్టలకి, జుట్టుకి అంతా పడుతోంది. ఎవరికీ పట్టింపు లేదు. అది చూస్తుంటే నాకు... నాకు మన గరాజు గుర్తొచ్చింది అమ్మా. మంచుబూట్లు వేసుకుని నువ్వొక్కదానివే..."

సుధామయి కంగారుగా లేచి, "అదేం లేదు తల్లీ, నాకక్కడే గాలి బాగుంటుంది..." అంటూ అబద్ధం ఆడబోయింది గానీ, కళ్ళు ఆడనిస్తేగా!

ఇషిత కళ్ళు తుడుచుకుంది. "బ్యాగులోంచి వాసన వస్తుంటే బ్రిట్టానే అడిగింది ఏంటదని. సిగ్గుపడుతూ సీసా తీశా. ఆవిడ జామ్ అనుకుని రొట్టెకి వెన్న రాసి, దాని మీద ఇంత మందాన పచ్చడి పట్టించి కొరికింది!"

"అయ్యో నా తల్లి! బతికే ఉందా?" అంది సూర్యకుమారి గుండె మీద చెయ్యేసుకుని.

"మొహం ఎర్రగా అయిపోయింది. కళ్ళలో నీళ్ళు. గ్లాసుడు మజ్జిగ తాగి... మళ్ళీ ఇంకో రొట్టె తీసుకుంది! ఎవరు చేశారంది. మా అమ్మ అన్నా. 'మీ ఇంట్లో నువ్వు రోజూ ఇది తింటావా, అదృష్టవంతురాలివి' అంది. తినను అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రాత్రి నేనూ తిన్నా. మొత్తం ఊడ్చేశాం ఇద్దరం." అని నాన్నమ్మ వైపు తిరిగింది. "ఆ సీసా కడిగేటప్పుడు చూశా. మూతకి కట్టిన గుడ్డ తెల్లచీర అంచు. దానికి రెండు ముడులు. అమ్మ అయితే రబ్బరుబ్యాండు వేస్తుంది. ఆ ముడి నీది నాన్నమ్మా."

సూర్యకుమారి తల వంచుకుని కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"మరి నువ్వెందుకమ్మా నేనే పెట్టానన్నావు? అన్ని మాటలన్నానే నిన్ను... అన్నీ పడి ఊరుకున్నావే!"

"నాన్నమ్మ మీద నీకు కోపం వస్తే చూడలేను తల్లీ. నా మీదైతే... అలవాటేగా," అని నవ్వబోయి ఏడ్చేసింది సుధామయి. ఇషిత ఆమె ఒళ్ళో తల పెట్టేసుకుంది. ఎన్నాళ్ళయిందో ఆ తల ఆ ఒడిలోకి వచ్చి! సూర్యకుమారి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "ఏడుపులు చాలు గానీ, అమ్మాయికి ఆ పాస్తా ఏదో పెట్టవే," అంది.

"పాస్తా వద్దు. నాన్నా, కార్ తాళాలు తియ్. శ్రీలంక వాళ్ళ షాపుకెళ్ళి నెత్తళ్ళు తెద్దాం. అమ్మకి నెత్తళ్ళంటే ఇష్టమని నాన్నమ్మ ఎప్పుడో చెప్పింది."

సాయంత్రానికి గరాజు షట్టరు పూర్తిగా పైకెత్తారు. కారు వీధిలోకి పోయింది. రవి భోజనాల బల్ల కుర్చీలన్నీ మోసుకొచ్చాడు. సూర్యకుమారి మూలన పేర్చిన టైర్ల పక్కన మహారాణిలా కూర్చుని వంకాయలు తరిగింది. స్నో పడేలోపు పొయ్యి వంటగదిలోకి తెద్దామని ఇషిత అంటే, "తెద్దాంలే, అప్పుడూ అందరం దగ్గులు పంచుకుందాం," అన్నాడు రవి. ఎదురింటి పంజాబీ ఆవిడ మొక్కలకు నీళ్ళు పోస్తూ ఆగి, ఏం పండగని అడిగింది. ఏం పండగో ఎవరికీ తెలియలేదు!

నూనె కాగింది. ఎండుమిర్చి చేతిలోకి తీసుకున్న సుధామయి ఉలిక్కిపడి ఆగిపోయింది. ఇషిత పక్కనే నిలబడి ఉంది, ఒంటి మీద ఆ కొత్త జాకెట్టు. సోమవారం స్కూలుకి వేసుకుపోవాల్సింది.

"ఆగాగు! ఆ జాకెట్టు తీసి పైన పెట్టి రా తల్లీ. తాలింపు వేస్తున్నా, వాసన పట్టేస్తుంది!"

ఇషిత కదల్లేదు. జాకెట్టు జిప్పు మెడదాకా లాక్కుని, తల్లి భుజానికి భుజం ఆనించి నిలబడింది.

"పట్టనీ అమ్మా. వెయ్."