ఆరో పిల్ల

పొద్దున్నే జగన్నాథ స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. గోనెపట్టా మీద ఆరు కుక్కపిల్లలు నిద్రపోతున్నాయి. రాజపాళయం జాతి కుక్కంటే మచ్చలేని తెలుపే ఉండాలని ఆయనకు పిచ్చి. పాలు కూడా ఆయన కంటికి కాస్త మాసినట్టే కనిపిస్తాయి. ఆ తెలుపు కోసమే, లోపమున్న పిల్లలు పుడతాయని పశువుల డాక్టరు మొత్తుకున్నా వినకుండా, ఒకే ఈతలో పుట్టిన ఆడా మగా కుక్కలను జతకట్టించాడు మహానుభావుడు.

పళ్లెం ఠంగుమంది. ఐదు పిల్లలు ఉలిక్కిపడి లేచాయి. ఆరోది హాయిగా నిద్రపోతూనే ఉంది.

"చెవుడు" అని గొణిగి, దాన్ని సంచిలో వేసుకుని బండి తాళం తీశాడు. వంటింట్లోంచి భార్య రుక్మణి అడ్డం వచ్చింది. ఆయన అక్క కూతురే ఆమె, పెళ్లయి పదహారేళ్లయినా మామా అనే పిలుస్తుంది.

"ఎక్కడికి మామా?"

"తళవాయిపురం రోడ్డులో విడిచిపెట్టి వస్తా. చెవిటిది పుట్టిందని తెలిస్తే మన కుక్కల పేరేమయ్యేది?"

"బస్సు హారన్ కొడితే దానికి వినపడేనా? చంపేదానికే కదా పోతా ఉండారు!"

"దేవుడు చేసినదానికి నేనేమి చేసేది?"

రుక్మణికి కోపం నషాళానికంటింది.

"దేవుడి మీద తొయ్యొద్దు! మన బిడ్డ దర్శిని చెవులు వినపడకుండా పుడితే, ఎవరి తప్పూ లేదని మనసు సరిపెట్టుకున్నా. ఇది మీరు తెలిసి చేసినారు. చేసినవాళ్లే చూసుకోవాల! దర్శినినీ ఇట్లనే పంపేసినారు."

"చదువుకి పంపినా!"

"మదురై హాస్టల్‌కి పోయి ఎనిమిదేండ్లు. లీవుకి వస్తే మీరు తోటకి పోయేస్తారు. దాని చేతి మాట ఒక్కటన్నా నేర్చుకున్నారా? గేటు చప్పుడైతే బిడ్డే వచ్చినాదని పరుగెత్తుతా మామా. నాకు ముద్ద దిగడం లేదు."

తల్లికుక్క ఐదు పిల్లలనూ వాసన చూసి, సంచి దగ్గరికి వచ్చి మూలిగింది. జగన్నాథ కింద కూర్చుని సంచి విప్పి, పిల్లను తల్లి పొట్ట దగ్గర పెట్టాడు.

"తప్పు చేసినాను రుక్మణీ. దీన్ని మనమే పెంచుతాం. ఇంక ఆ జత కట్టేది లేదు." భార్య వైపు తిరిగి అడిగాడు. "ఇంటికి రా అనేదానికి చెయ్యి ఎట్ల చూపేది?"

రుక్మణి చూపించి, వీడియో కాల్ కలిపింది. ఆయన రెండుసార్లు తప్పు చేశాడు. మూడోసారి కుదిరింది. తెరమీద దర్శిని కళ్లార్పకుండా తండ్రినే చూసింది. తర్వాత తనూ చేతులెత్తి ఏదో చెప్పింది.

"ఏమంటా ఉంది?"

రుక్మణి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఎన్ని రోజులుగానో ఎదురు చూస్తా ఉందంట. నాయనే వచ్చి పిలుచుకొని పోవాలంట."