స్టేబుల్ అన్న మాట

శుక్రవారం సాయంత్రం దాకా "మై నేమ్ ఈజ్" దాటి ఇంగ్లిష్ ముందుకు సాగని హన్‌బ్యోల్, సోమవారం పొద్దున తరగతి గదిలోకి వస్తూనే, "వానొచ్చేలా ఉంది టీచర్, గొడుగు తెచ్చుకున్నారు కదా?" అని ఇంగ్లిష్‌లో గలగలా అడిగింది. ఆ ప్రశ్న చివర తెలుగువాళ్ళు అలవాటుగా తగిలించే "నో?" కూడా ఉంది. హైమవతికి నవ్వొచ్చింది. అది అచ్చంగా తన ఇంగ్లిషే.

కొరియాలోని జొంజు నగరంలో, ఆ శిక్షణాలయంలో పాఠాలు చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు అక్కడ భాషను నాటుతారు. పలాస నుంచి వచ్చిన హైమవతి బీజదాత. ఆమె మెదడులో ఇంగ్లిష్ ఎలా అల్లుకుని ఉందో ఆ అల్లికకు ఏడాదికోసారి నకలు తీసి, భాషాబీజం తయారుచేస్తారు. పిల్లలు శని, ఆదివారాలు తలకు నాటుపట్టీ కట్టుకుని పడుకుంటే చాలు, అది వాళ్ళలో వేళ్ళూనుకుంటుంది. ఆ తర్వాత వారంపాటు వాళ్ళతో కబుర్లాడి నాలుకకు పదును పెట్టడమే ఆమె ఉద్యోగం. గురువారం కాలేజీ ప్రవేశ పరీక్ష. ఈ ఏటి కొత్త బీజం అందుకున్న మొదటి పిల్లలు వీళ్ళే.

"ఈ పేరా చదువమ్మా" అని ఆమె హన్‌బ్యోల్‌కు ఒక వార్త ఇచ్చింది. వరదకు దెబ్బతిన్న వంతెన గురించిన వార్త అది. ఆ పిల్ల చకచకా పైకి చదువుకుంటూ పోయి, వంతెన ఇప్పుడు "స్టేబుల్"గా ఉందన్న చోట ఠక్కున ఆగిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. గదిలో కుర్చీలు కదిలాయి. పద్నాలుగు మందిలో ఐదుగురు అప్పటికే ఫోన్లు తీశారు. "అమ్మా, బావున్నావా? నిజంగా బావున్నావా?" అని ఎవరిళ్ళకు వాళ్ళు కొరియన్‌లో ఫోన్లు చేసుకుంటున్నారు. ఎందుకు చేస్తున్నారో వాళ్ళకే తెలియదు.

హైమవతికి మాత్రం తెలిసిపోయింది.

ఎనిమిది నెలల క్రితం శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి డాక్టరు ఫోన్ చేసి, "మీ తమ్ముడు స్టేబుల్‌గా ఉన్నాడు, ఇప్పటికిప్పుడు రానక్కర్లేదు" అని ఇంగ్లిష్‌లో చెప్పాడు. ఆమె ఆ మాట నమ్మి విమానం టికెట్ రద్దు చేసుకుంది. మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు పోయాడు. ఆ మాటను ఆమె మళ్ళీ నోటితో అనలేదు. తమ్ముడు పోయిన సంగతి కొరియాలో ఎవరికీ చెప్పుకోలేదు కూడా.

ఆ సాయంత్రం ఆమె బీజశాల చూసుకునే నామ్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పింది. అతను తెర మీది గీతల్ని చాలాసేపు పరిశీలించాడు.

"జ్ఞాపకాలన్నీ వడకట్టేశాం హైమవతి గారూ. మీ తమ్ముడి ముఖం గానీ పేరు గానీ ఏ పిల్లలకూ తెలియదు."

"మరి ఆ భయం ఎక్కడిది?"

"అది జ్ఞాపకం కాదు. మీ మెదడులో ఆ మాటకు అర్థమే అది. అందుకే వడపోతకు చిక్కలేదు."

"తీసెయ్యండి."

"దాన్ని లాగితే పక్కనున్న మాటలెన్ని ఊడొస్తాయో నేను చెప్పలేను. ఇంకో బీజం నాటుదామంటే, ఒక మెదడుకు ఒకసారే పడుతుంది." అతను తల వంచుకున్నాడు. "ఈ రెండు రోజుల్లో మూడు ఊళ్ళలో కలిపి ఆరువందల మందికి నాటాం."

బుధవారం మధ్యాహ్నం హన్‌బ్యోల్ సంచీ భుజాన వేసుకుని వచ్చింది. వాళ్ళ నాన్న బూసాన్‌లో ఓడల కార్ఖానాలో పనిచేస్తాడు. ముందురోజే ఆయనకు పిత్తాశయం ఆపరేషన్ అయింది.

"నేను బూసాన్ వెళ్తున్నాను టీచర్. నాన్న స్టేబుల్‌గా ఉన్నారని డాక్టర్ అన్నాడట. అమ్మ ఇంగ్లిష్‌లో మెసేజ్ పెట్టింది, నాకు కొత్తగా వచ్చింది కదా అని."

"రేపు పరీక్ష కదమ్మా."

"తెలుసు. కానీ వెళ్ళకపోతే..." ఆ పిల్ల వాక్యం పూర్తి చేయలేకపోయింది.

అంతలో వాళ్ళమ్మ ఫోన్ చేస్తే, హన్‌బ్యోల్ స్పీకర్ పెట్టింది. అయిదేళ్ళుగా ఇక్కడే ఉండటంతో హైమవతికి కొరియన్ బాగానే అర్థమవుతుంది. "టీచర్ గారూ, మీరు చెబితే వింటుంది. ఆయన నిక్షేపంలా ఉన్నారు, గంజి కూడా తాగారు. పరీక్ష పోతే దానికి ఏడాది పోతుంది. ఒక్క మాట చెప్పండి!"

చెప్పాల్సింది నిజంగా ఒక్క మాటే. నాన్నకేం ఫర్వాలేదు, ఇప్పటికిప్పుడు వెళ్ళనక్కర్లేదు. హైమవతి నోరు తెరిచింది. సరిగ్గా ఇవే మాటలు ఒకప్పుడు తన చెవిన పడ్డాయి. వెళ్ళమని అనలేకపోయింది, ఉండమనీ అనలేకపోయింది. హన్‌బ్యోల్ ఆమె ముఖంలోకి కాసేపు చూసి, ఫోన్ పెట్టేసి, స్టేషన్‌కు వెళ్ళిపోయింది.

గురువారం పరీక్ష జరిగింది. ఇంగ్లిష్ ప్రశ్నపత్రంలో ఆ మాట ఎక్కడో ఉందట. మూడు ఊళ్ళలోనూ పిల్లలు మధ్యలో లేచి బయటికి నడిచారని నామ్ చెప్పాడు. ఎంతమంది అని హైమవతి అడగలేదు.

మళ్ళీ సోమవారం హన్‌బ్యోల్ వచ్చింది. బెంచీ చివర కూర్చుంది.

"నాన్న ఎలా ఉన్నారు?"

"శనివారం ఇంటికొచ్చేశారు. నడుస్తున్నారు. పరీక్ష పోగొట్టుకున్నానని నన్ను తిట్టారు కూడా." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "రైలు దిగి పరుగెత్తి ఆయన్ని పట్టుకున్నాను టీచర్. చేతులు వెచ్చగా ఉన్నాయి. అయినా ఇది పోలేదు. ఆలస్యమైపోయింది, ఆలస్యమైపోయింది అని లోపల కొట్టుకుంటూనే ఉంది. మా వాళ్ళందరికీ ఫోన్ చేశాను. అందరూ బావున్నారు." తలెత్తింది. "అయితే నేను వెళ్ళనిది ఎవరి దగ్గరికి?"

అబద్ధం చెబుదామనుకుంది హైమవతి. కానీ తను ఇంగ్లిష్‌లో ఎక్కడ తడబడుతుందో, ఏ మాట వెనక దాక్కుంటుందో ఆ పిల్లకు తనతో సమానంగా తెలుసు.

"మా తమ్ముడి దగ్గరికి" అంది. "సింహాచలం. వాడి పేరు."

ఆ పేరు బీజంలో లేదు. హన్‌బ్యోల్ దాన్ని రెండుసార్లు తప్పుగా పలికింది. మూడోసారి సరిగ్గా పలికి, చేతుల్లో ముఖం దాచుకుని, సొంత తోబుట్టువు పోయినట్టు వెక్కివెక్కి ఏడ్చింది.

హైమవతి ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమెకు మాత్రం, తమ్ముడు పోయిన రోజు రానట్టే, ఈ రోజూ ఏడుపు రాలేదు.