ఖాళీగా ఉందని ఆపేశాడు

ఆసుపత్రిలో కొత్తగా చేరిన సర్వర్ రూమ్ అబ్బాయి మీద ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి? పొద్దునా సాయంత్రమూ రోగులకు ఫోన్ చేసి "మాత్ర వేసుకోండి" అని గుర్తుచేసే ప్రోగ్రామ్‌ను ఆమె రాసింది. ఆ రెండు పూటల మధ్య దానికి పనేమీ ఉండదు. తన వేళ కోసం కాచుకుని కూర్చుంటుంది. ఈ మహానుభావుడు మధ్యాహ్నం దాన్ని చూసి, ఖాళీగా ఉంది కదా అని ఆపేశాడు. సాయంత్రం ఒక్కరికీ ఫోన్ వెళ్లలేదు.

ఆ ఫోన్ మోగితే తప్ప గుండె మాత్ర వేసుకోని వాళ్లలో ఆమె అమ్మమ్మ కూడా ఉంది. ఇంటికి ఫోన్ చేస్తే లైన్ బిజీ.

ఆమె విసురుగా సర్వర్ రూమ్ తలుపు తోసింది. అతను ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాడు.

"ఇక్కడ కొంపలు మునుగుతుంటే మీకు కబుర్లు కావలసి వచ్చాయా?"

అతను ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు. "అది కాదండీ, నేను..."

"ఏది కాదు? దొంగ రాలేదని వాచ్‌మన్‌ని ఇంటికి పంపేస్తారా? ఊరికే కూర్చోవడమే దాని పని. ఆ మాత్రం తెలియని మీకు ఉద్యోగం ఎవరిచ్చారు?"

జవాబు వినకుండానే ఆమె బస్సెక్కింది. ఇల్లు చేరేదాకా ప్రాణం ప్రాణంలో లేదు. తీరా చూస్తే అమ్మమ్మ కిటికీ దగ్గర తీరిగ్గా కూర్చుని ఉంది.

"మాత్ర వేసుకున్నావా అమ్మమ్మా?"

"ఎప్పుడో వేసుకున్నా. మీ మిషన్ ఇవాళ కాస్త ఆలస్యంగా చేసిందిలే. కానీ ఎంత మర్యాదో. తిన్నారా అంది, మోకాలి నొప్పి సంగతి అడిగింది. మధ్యలో ఎవత్తో వచ్చి దాన్ని చెడామడా తిట్టిందే. పాపం, తిరిగి ఒక్క మాటనలేదు."

ఆమె నాలుక కరుచుకుంది.

మర్నాడు పొద్దున్నే సర్వర్ రూమ్‌కు వెళ్లింది. "అందరికీ మీరే చేశారా?"

"తప్పు నాది. ఇంకెవరు చేస్తారు?" అతని గొంతు బొంగురుపోయి ఉంది.

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా?" క్షమాపణ చెబుదామని వచ్చిన మనిషికి మళ్లీ కోపమే వచ్చింది.

"చెప్పే సందిచ్చారా?"

అతను స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. ఆమె ప్రోగ్రామ్ ఉండుండి "ఉన్నాను" అని ఒక వరుస రాస్తోంది.

"పొద్దున్నే వచ్చి ఇది కలిపాను. ఇక ఖాళీగా ఉందని దాన్నెవరూ ఆపరు." అతను స్క్రీన్ వైపే చూస్తూ అన్నాడు. "నేనూ చేరిన రోజు నుంచీ ఉన్నానండీ. మీరే చూడరు."

"అదైనా ముందే చెప్పి ఏడవొచ్చుగా" అంది ఆమె. బుగ్గలు వేడెక్కాయి.

ఇంతలో అమ్మమ్మ ఫోన్.

"ఇదేంటే, ఇవాళ ఎవరో మొద్దు మిషన్ చేసింది. నిన్నటిది ఏమైంది? ఎక్కడుంటుందో కనుక్కో. పెళ్లయిందేమో కూడా అడుగు."

ఆమె ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది.

"మీరే చెప్పండి. ఈసారి మధ్యలో ఎవరూ తిట్టరు."